టెంకకు పెద్దపీట

నేను ఒక కత్తిపీటను. వంటింట్లో బెండకాయలు తరిగే చిన్న రకాన్ని కాదు, ఏడాదికి నెలన్నర మాత్రమే కొలువు చేసే ఆవకాయ కత్తిపీటను. నా మాటల్లో పదును కనిపిస్తే అది కత్తి తప్పు, బరువు కనిపిస్తే పీట తప్పు, నాకేమీ సంబంధం లేదు. కోతలు కోస్తున్నానంటారా? పుట్టిందే అందుకు కదండీ!

పీట సంగతి ముందు చెబుతాను, వయసులో అదే పెద్దది కాబట్టి. నేను తుమ్మను. అంటే తుమ్మచెట్టు చెక్కనని, నాకు జలుబు చేయదని కాదు. పెద్దాపురంలో లక్కోజు ముక్తేశ్వరాచారిగారి కొలిమి పాకలో రెండు రాళ్ల మీద అడ్డంగా పడి ఏడేళ్లు ఎండాను. మూడున్నర అడుగుల పొడవు, జానెడు వెడల్పు, నాలుగు వేళ్ల మందం. అప్పటికి నేనింకా ఏమీ కాను. ఏమీ కానివాడి మీద ఎవరైనా కూర్చోవచ్చు, లోకం తీరే అంత. గునపం సాన పట్టించుకోడానికి వచ్చినవాళ్లు, నాగలికర్రు కాల్పించుకోడానికి వచ్చినవాళ్లు, ఏ పనీ లేక కబుర్లకు వచ్చినవాళ్లు అందరూ నా మీదే. నాకు మాత్రం ఒకటే కుతూహలం. నేను ఏమవుతాను? గడపనా? మంచంకోడునా? ఎవరైనా లోపలికి వచ్చి "ఆచారిగారూ, ఓ పని పడిందండి" అన్నప్పుడల్లా మొద్దునైనా సరే ఒళ్లంతా చెవులు చేసుకునేవాణ్ణి.

కత్తి పుట్టుక వేరు. అది లారీ బిడ్డ. ఇటుకలు మోసి మోసి నడుము విరిగిన లారీ కింద కమానుపట్టీ అది. గతుకుల రోడ్డు మీద బతుకు వెళ్లదీసిన ఇనుముకి మామిడి టెంక ఒక లెక్కా? కొలిమి మూలలో తుప్పు పడుతూ అదీ ఎదురు చూసేది, ఈ మూలన నేనూ చూసేవాణ్ణి. మా ఇద్దరికీ సంబంధం కుదిర్చింది నూకరత్నం.

ఆమె ఒక చైత్రమాసం ఉదయం పాకలోకి వచ్చింది. యాభై దాటిన మనిషి, గట్టి భుజాలు. పదకొండేళ్లుగా ఆదివారం సంతలో, మామిడికాయల అప్పలస్వామి రాశి పక్కన కూర్చుని, కాయలు కొన్నవాళ్లకు అక్కడికక్కడే ఆవకాయ ముక్కలు కొట్టి ఇవ్వడం ఆమె పని. ఊళ్లో "నూకరత్నం ముక్క" అంటే టెంక వదలని ముక్క అని అర్థం. టెంక ఊడిన ముక్క శ్రావణానికే మెత్తబడి గుజ్జవుతుంది. టెంక ఉన్న ముక్క వచ్చే ఉగాదికి కూడా కరకరలాడుతుంది. అంతటి మనిషి ఆ రోజు ఎడమచెయ్యి కొంగు కింద దాచుకుని నిలబడింది.

"నిరుడు ఆఖరి సంతలో పాత పీట జారిపోయిందండి" అంది. "టెంక తెగలేదు, పీట ఎగిరింది. ఈ పనిలో వేలు పెట్టినందుకు వేలే పోయిందండి. ఆయ్, పైకణుపు."

ఆచారిగారు సుత్తి ఆపి చూశారు. "మరిప్పుడు?"

"కొత్తది కావాలండి. వచ్చే ఆదివారం మొదటి సంత. ఆ రోజు నేను కూకోకపోతే జగ్గంపేట నుంచి ఇంకోమనిషిని తెచ్చుకుంటానని అప్పలస్వామి మొహమ్మీదే చెప్పేశాడు. ఒకసారి చోటు పోయిందంటే మళ్లీ రాదండి."

"కూర్చో" అన్నారు ఆచారిగారు. ఎక్కడ కూర్చుంటుంది? నా మీదే.

అప్పుడు నాకొక్కడికే ఒక సంగతి తెలిసింది. ఆచారిగారి సుత్తి దాగలి మీద పడ్డప్పుడల్లా ఆమె ఒళ్లు ఝల్లుమంటోంది. మొహం మామూలుగానే ఉంది, మాట మామూలుగానే ఉంది, కింద కూర్చున్న చోట మాత్రం ప్రతి దెబ్బకీ ఒక చిన్న అదురు. ఉలి దెబ్బకు ఉలిక్కిపడేది చెక్క ఒక్కటే అనుకునేవాణ్ణి అప్పటిదాకా. పదకొండేళ్లు కత్తి దించిన మనిషికి దెబ్బంటే భయం పట్టుకుంది. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. నేను చెబుదామన్నా మధ్యలో చీర ఉంది.

ఇక్కడ ఆచారిగారి అమ్మాయి కథలోకి వస్తుంది. పేరు మాణిక్యాంబ, నాయనమ్మ పేరు. కాకినాడలో పాలిటెక్నిక్ చదివి, ట్రాక్టరు సామాన్ల ఫ్యాక్టరీలో మూడేళ్లు బొమ్మలు గీసి, "ఊరికే సాన పట్టడమేమిటి, మనమే ఒక కొత్త సరుకు తయారు చేద్దాం" అని ఇంటికొచ్చేసిన పిల్ల. ఒకరు రత్నం, ఒకరు మాణిక్యం, మధ్యలో నేను మొద్దు. నగల కొట్టులో కర్ర గుమాస్తాలా ఉంది నా పరిస్థితి.

మాణిక్యం చేతిలో ఒక నోట్‌బుక్కు. నెల రోజులుగా మూడు వీధులు తిరిగి, కనపడిన ప్రతి ఇల్లాలినీ "ఆవకాయ కత్తిపీటలో మీకేం కావాలి?" అని అడిగి రాసుకుంది. మనిషిని ఏం కావాలని అడిగాక ఇక ఆగుతారా? మొత్తం పదిహేడు కోరికలు పోగయ్యాయి.

"నాన్నా, ఇవీ మన కొత్త మోడల్‌కి ఫీచర్లు" అంది. "ఎక్కువ ఓట్లు పడ్డవి పైన రాశాను. దేనికి ప్రాధాన్యమివ్వాలో ఇప్పుడు తేలాలి."

"పీచర్లా?" అన్నారు ఆచారిగారు కళ్లజోడు సర్దుకుంటూ. "మామిడికాయలో పీచు కొంచెం ఉంటే ముక్క గట్టిగా ఉంటదమ్మడూ. అంతా పీచే అయితే నోట్లో నారే. ఉన్నది ఒక్క చెక్క. ఒక్క కత్తి. పదిహేడెక్కడ పట్టిస్తావు?"

"అందుకే కదా నాన్నా కూర్చున్నది!"

కూర్చున్నారు. నా మీదే. మొదటి ఓటు మడతకు పడింది. వాడాక మడిచి అటక మీద పెట్టుకునేలా ఉండాలని పన్నెండు మంది చెప్పారట. మడతన్నాక పేచీ ఉండదా? తండ్రీ కూతుళ్లకు అక్కడే మొదలైంది. మడతబందు దెబ్బకు ఆగదని ఆయన, ఆగేదే పెడదామని ఆమె. అది పక్కనపెట్టి చక్రాలకు వచ్చారు. "చక్రాలు పెట్టి టెంక మీద ఒక్కటేస్తే పీట కాకినాడలో ఆగుద్ది" అన్నారు ఆచారిగారు. చక్రాలు కొట్టేశారు. ఆ ఇంట్లో చక్రం తిప్పడానికి ఆచారిగారి భార్య ఉండనే ఉంది.

తర్వాత ఫోను పెట్టుకునే గూడు. ముక్కలు కొడుతూ సీరియల్ చూడాలని ఐదుగురి కోరిక.

"వద్దమ్మడూ. సీరియల్లో అత్త ఏడిస్తే ఈవిడా ఏడుస్తది. ఆవకాయలో ఉప్పెక్కువైపోద్ది."

గులాబీ రంగు వెయ్యమని ఇద్దరు అడిగారు. రంగు సంగతి కారం చూసుకుంటుందని అదీ కొట్టేశారు. ముక్క సైజు కొలిచే గీతలు, పుల్లనీళ్లు జారే కాలువ, ముక్కలు పడే సొరుగు, ఇలా ఒక్కొక్కటీ వచ్చింది, కొన్ని ఆగాయి, కొన్ని పోయాయి. జీడి తీసే గరిటె దగ్గర మాత్రం రెండు పూటలు గడిచాయి. జీడి గురించి మొదలుపెట్టి జీడిపాకం చెయ్యడమంటే అదే. నాకైతే భలే సరదాగా ఉండేది. పొద్దున సొరుగునవుతాను అనుకుంటే మధ్యాహ్నానికి కాళ్లనయ్యేవాణ్ణి. సాయంత్రానికి నన్ను ఐదు ముక్కలు చేసేవాళ్లు. మాటల్లోనే లెండి. రంపపు కోత అంటే రంపం అక్కర్లేదని, నోళ్లు చాలని అప్పుడే తెలిసింది.

మధ్యలో నూకరత్నం ఒకసారి వచ్చింది. మాణిక్యం ఆమెను కూడా అడిగింది. "పిన్నీ, రోజంతా కొట్టేదానివి నువ్వు. నీకేం కావాలో చెప్పు."

నూకరత్నం నా చివర కూర్చుంది. ఆచారిగారి సుత్తి పడింది. అదురు.

"టెంక తెగాలండి. ఆయ్. అంతేనండి."

"ఇంకా?"

"ఇంకేటుంటాదండి? ఆదివారానికి ఇచ్చేయండి సాలు."

మాణిక్యం రాసుకుంది. ఆ ఒక్క ముక్క కింద ఉన్న రెండో ముక్క నా దగ్గరే ఉండిపోయింది.

గురువారం సాయంత్రానికి పదిహేడు కాస్తా నాలుగయ్యాయి. టెంక తెగడం, మడత, సొరుగు, వేలికి రక్షణ. మాణిక్యం చాలాసేపు పెన్ను కొరికింది. పన్నెండు ఓట్ల మడత ఒకవైపు, ఒక్క ఓటు టెంక ఇంకోవైపు. చివరికి ఆ ఒక్క ఓటు ఎవరిదో గుర్తొచ్చినట్టుంది. ఒక చీటీ మీద ఇలా రాసింది.

"టెంకకు పెద్దపీట. మిగతావి తర్వాత."

ఆ చీటీని నా పక్కనున్న మేకుకు గుచ్చి, "బాబాయ్, చీటీ చూసి చెక్కపని మొదలెట్టు. నేను రేపు కాకినాడ వెళ్లి మడతబందులు, ఇరుసు బోల్టు తెస్తాను" అని పక్క పాకలోకి కేకేసింది.

బాబాయి అంటే ఆచారిగారి తమ్ముడు పేరయ్యాచారి, వడ్రంగం పని ఆయనది. పేరయ్య పనిలో వంక పెట్టడానికి లేదు. ఆయన దగ్గర ఉన్న చిక్కల్లా ఒకటే, ఎవరేం చెబితే అక్షరం పొల్లు పోనివ్వడు. గోడకు ఆనుకుని ఉండే బల్ల కావాలని ఒకాయన అడిగితే మూడు కాళ్లతో చేసి ఇచ్చాడు. గోడ ఉన్నంతకాలం ఆ బల్ల దివ్యంగా ఉంది.

శుక్రవారం పొద్దున్నే పేరయ్య చీటీ చదివాడు. గీసిన బొమ్మ నోట్‌బుక్కులో ఉంది, నోట్‌బుక్కు సంచిలో ఉంది, సంచి కాకినాడ బస్సులో ఉంది. పేరయ్య చీటీ రెండోసారి చదివాడు. నన్ను అటు చివర నుంచి ఇటు చివర దాకా జానలతో కొలిచాడు. రంపం తీసుకెళ్లి దూరంగా గోడకు తగిలించేశాడు. నాకేమీ అర్థం కాలేదు. ఐదు ముక్కలవుతానని సిద్ధపడ్డవాణ్ణి, చిత్రిక మాత్రం పట్టాడు! ఒక చివరన ఇరుసుకు రెండు నిలువు చెక్కలు దిగేశాడు, కత్తి దిగడానికి సన్నటి గాడి తీశాడు. మిగతా ఒళ్లంతా చెక్కుచెదరకుండా వదిలేశాడు. నిలువు చెక్కలు తీసిన పాత తుమ్మ తుంటలో జానెడు పుల్ల మిగిలింది. "మిగతావి తర్వాత" అని దాన్ని పక్కన పెట్టాడు.

శనివారం మధ్యాహ్నం మాణిక్యం వచ్చింది. నన్ను చూసింది. సంచి కింద పడేసింది.

"బాబాయ్! ఏంటిది?"

"పెద్దపీట."

"ఇదంతా పీటే చేసేశావా? కాళ్లకు చెక్కేది? సొరుగుకేది? మడత ఎక్కడ పెట్టను?"

"చీటీలో మడత లేదమ్మలూ. పెద్దపీట అని రాశావు. వేశాను. దీనికన్నా పెద్దపీట ఈ చుట్టుపక్కల ఎవడన్నా వేసుంటే నా ఉలి నీకిచ్చేస్తాను."

"పెద్దపీట అంటే పీట పెద్దదని కాదు బాబాయ్!"

పేరయ్య నిజంగానే ఆలోచించాడు. "మరి చిన్నదా?"

ఆచారిగారు నవ్వు ఆపుకోడానికి కొలిమి తిత్తి గట్టిగా ఊదారు. మాణిక్యం మాత్రం నవ్వలేదు. తెల్లారితే సంత. పీటకు సరిపడా ఎండిన చెక్క వేరేది లేదు, పచ్చి చెక్కతో చేస్తే రెండు వారాల్లో వంకర పోతుంది. నెల రోజుల నోట్‌బుక్కు, పదిహేడు ఫీచర్లు, చివరికి మిగిలింది మొరటు పొడుగు పీట ఒకటి. పాపం, ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. ఎవరి మీదా వేలెత్తి చూపలేకపోయింది, రాసింది తనే.

సరిగ్గా అప్పుడే నూకరత్నం వచ్చింది, సంచిలో డజను కాయలతో. టెంక బాగా ముదిరిన కాయలు ఏరి తెచ్చింది.

"అయిందాండి?"

ఆచారిగారే లేచి కత్తిని ఇరుసులో పెట్టి బోల్టు బిగించారు. తుమ్మకూ ఇనుముకూ పెళ్లి అంత నిశ్శబ్దంగా జరిగింది, ఒక్క అక్షింత కూడా పడలేదు.

నూకరత్నం నా చుట్టూ ఒకసారి తిరిగింది. పాత పీట అడుగున్నర ఉండేది, కాలితో తొక్కిపట్టి కొట్టేది. నన్ను ఎక్కడ తొక్కిపట్టాలో ఆమెకు తోచలేదు. తర్వాత చీర కుచ్చిళ్లు దోపుకుని, ఈ వారంలో వచ్చిన రెండుసార్లూ ఎక్కడ కూర్చుందో సరిగ్గా అక్కడే, నా చివరన కూర్చుంది. కత్తి ఎదురుగా వచ్చింది.

కాయ గాడి మీద పెట్టింది. కుడిచెయ్యి పిడి ఎత్తింది. ఎడమచెయ్యి కాయ పట్టుకోవాలి. కొంగు కింద నుంచి అది బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక వణుకుతోంది. ఆ వణుకు ఇప్పుడు అందరికీ కనిపించింది. పేరయ్య చూపు తిప్పుకున్నాడు. మాణిక్యం అప్పుడే తెరిచిన నోట్‌బుక్కు మూసేసింది.

కత్తి దిగింది. సగం మనసుతో దిగింది. టెంకలో సగం దాకా పోయి ఇరుక్కుంది.

నిరుడు వేలు పోయింది సరిగ్గా ఇలాంటప్పుడే. టెంక పట్టేసినప్పుడు పీట ఎగురుతుంది. నూకరత్నం కళ్లు మూసుకుంది. నేను ఎగరలేదు. ఎగరాలన్నా ఎలా ఎగురుతానండీ? ఆవిడ బరువంతా నా మీదే ఉంది. నన్ను కదిలించాలంటే ముందు ఆవిణ్ణి లేపాలి.

కళ్లు తెరిచి కిందికి చూసింది. నన్ను చూసింది. పిడి మళ్లీ ఎత్తి, ఈసారి భుజం వేసి దించింది.

టక్!

కాయ రెండు చెక్కలైంది. లోపల జీడి కూడా సగానికి తెగింది. టెంక రెండు వైపులా సమానంగా అంటుకుని ఉంది. మూడో దెబ్బ, నాలుగో దెబ్బ, అలా వరసగా ఎనిమిదో దెబ్బ దాకా. ఎనిమిది ముక్కలు. నా ఒంట్లో అదురు కోసం వెతికాను. కత్తి అదురు ఒక్కటే ఉంది.

"కదల్లేదండి" అంది మెల్లగా. తర్వాత గట్టిగా, "అమ్మ బాబోయ్, అసలు కదల్లేదండి ఇది!"

"చెయ్యి వణుకుతోందని ముందే ఎందుకు చెప్పలేదు పిన్నీ?" అంది మాణిక్యం.

"ఏం కావాలని అడిగారు, చెప్పాను. ఏదంటే భయమని ఎవరడిగారండి? ముక్కలు కొట్టే మనిషిని, కత్తంటే భయమని నోటితో ఎలా చెప్పుకోనండి?"

మాణిక్యం వంగి ఒక ముక్క తీసి టెంకను వేలితో తడిమింది. పేరయ్య మాత్రం ఆగలేదు. "నే చెప్పలా? రాసింది రాసినట్టు చేస్తే తప్పుండదని" అన్నాడు. అన్నగారు ఆయన వైపు చూసిన చూపుకు కొలిమి అక్కర్లేదు.

నాలుగింట్లో వేలి రక్షణ ఇంకా మిగిలింది కదా. ఆ సాయంత్రం మాణిక్యం స్వయంగా ఆ మిగిలిన జానెడు పుల్లకు చివర రెండు పళ్లు తీసింది, వేలికి బదులు కాయను పట్టి ఉంచడానికి. నూకరత్నం ఎంతో గౌరవంగా తీసుకుంది. ఆ తర్వాత తొమ్మిదేళ్లూ దాన్ని దగ్గరే పెట్టుకుంది. వీపు గోక్కోడానికి అంత బాగా పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదని సంతంతా చెప్పేది. మనుషులు ఒక వస్తువును దేనికి వాడతారో చేసినవాళ్లకు తెలియదు, చేయబడ్డవాళ్లకే తెలుస్తుంది.

ఆదివారం పొద్దున అప్పలస్వామి రాశి పక్కన నేనూ, నా మీద నూకరత్నం. జగ్గంపేట మనిషి రానక్కర్లేకపోయింది. "చెప్పిన టైముకే వచ్చావు గదే" అన్నాడు అప్పలస్వామి, తను ఏమీ అననట్టు. "ఒక్క ముక్క చెబితే రానా?" అని ఆమె పిడి ఎత్తింది. ఆ రోజు ఎన్ని ముక్కలయ్యాయో ఎవరూ లెక్కపెట్టలేదు. మడత కావాలని ఓటేసిన పన్నెండు మందిలో ముగ్గురు నన్ను తాకి చూసి, "ఇదేదో బాగుందే, కూర్చునే కొట్టొచ్చు" అన్నారు. మడత మాట ఎత్తలేదు. అలాంటివి ఇంకా చెయ్యమని ఆచారిగారి పాకకు మనుషులు వచ్చారు. మాణిక్యం ఆ మోడల్‌కి ఏం పేరు పెట్టిందో చెప్పాలా? పేరయ్య మాత్రం తన వల్లే ఆ పేరొచ్చిందని నేటికీ చెప్పుకుంటాడు. అందులో అబద్ధమేమీ లేదు.

తొమ్మిది సీజన్లు కొట్టాను. సాన పట్టగా పట్టగా కత్తి చిక్కి చిక్కి చివరికి కాగితమంత పలచనైంది. ఇరుసు అరిగింది. నూకరత్నం కోడలు వేరే పెద్దపీట కొనుక్కుని అదే చోట కూర్చుంటోంది. కత్తిని పాత ఇనుప సామాన్లవాడు తీసుకెళ్లాడు. లారీ బిడ్డ ఆఖరికి లారీ ఎక్కే పోయింది. నేను మాత్రం నిలువు చెక్కలు ఊడదీయించుకుని, గాడి ఒకటి గుర్తుగా మిగుల్చుకుని, నూకరత్నం ఇంటి అరుగు మీద మళ్లీ మామూలు చెక్కనయ్యాను. ఆమె ఎడమచెయ్యి ఎప్పుడైనా ఆ గాడిలో తిరుగుతుంటుంది, పైకణుపు లేని వేలితో.

మొన్న మాణిక్యం వచ్చింది. చెవుల దగ్గర వెంట్రుకలు నెరుస్తున్నాయి, చేతిలో నోట్‌బుక్కు మాత్రం కొత్తది. కొబ్బరి కోరే పీట ఒకటి తయారు చెయ్యాలనుకుంటోందట.

నూకరత్నం గబగబా నన్ను కొంగుతో తుడిచి వేసింది. "కూకోండి మాణిక్యమ్మగారూ. ఈసారి ఎన్ని పీచర్లండి?"

మాణిక్యం నా మీద కూర్చుని నోట్‌బుక్కు తెరిచింది. తొంగిచూశాను, చూడకుండా ఉండలేను కదా. పేజీ ఖాళీగా ఉంది.

"పిన్నీ, కొబ్బరి కోరేటప్పుడు నీకు దేనికి భయమేస్తుంది?"

నూకరత్నం నవ్వి నేల మీద కూర్చోబోయింది. మాణిక్యం చెయ్యి పట్టి లాగి పక్కనే కూర్చోబెట్టుకుంది. ఇద్దరూ నా మీదే కూర్చున్నారు. పేరయ్య కొలత కదండీ, ఇంకా జానెడు చోటు మిగిలింది.